మీటరులో 4268, బిల్లులో 4628: తప్పు కరెంటు బిల్లును సరిచేయించిన నా అనుభవం

మా ఇంటి కింది వాటాలో అద్దెకు ఉంటున్న కుటుంబానికి గత సంవత్సరం ఒక నెలలో 522 యూనిట్లకు కరెంటు బిల్లు వచ్చింది. అంతకుముందు ఏ నెలలోనూ వాళ్ల వాడకం 170 యూనిట్లు దాటలేదు. ఆ ఇల్లాలు ఇంట్లోనే కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. తెల్ల రేషన్ కార్డు ఉన్నందువల్ల తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద వాళ్లకు నెలనెలా జీరో బిల్లే వస్తూ ఉండేది. నెలకు 200 యూనిట్ల లోపు వాడుకున్నంత వరకే ఆ పథకం వర్తిస్తుంది. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసిందే. అందువల్ల ఒక్క తప్పు అంకెతో వాళ్ల మీద దాదాపు నాలుగు వేల రూపాయల భారం వచ్చి పడింది. ఆ సర్వీసు, అంటే కరెంటు కనెక్షన్, ఇప్పటికీ మా నాన్నగారి పేరిటే ఉంది కాబట్టి బిల్లు సరిచేయించే పనికి నేనే పూనుకున్నాను. పని పూర్తయింది. అయితే ఇలాంటి తప్పుకు అసలైన సాక్ష్యం మీటరులోనే ఉంటుందని, అది ఎక్కువ కాలం నిలవదని ఆ క్రమంలో నాకు అర్థమైంది. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడం వల్లే తప్పు బిల్లులను మౌనంగా కట్టేస్తున్నారని నా అభిప్రాయం.

"సారూ, మాకు ఏసీ లేదు, గీజరు లేదు, గింత బిల్లు ఎట్లొచ్చింది?" అంటూ ఆమె బిల్లు కాగితం నా చేతికి ఇచ్చింది. నేను ముందుగా కట్టవలసిన మొత్తాన్ని పక్కన పెట్టి రీడింగులు చూశాను. స్పాట్ బిల్లు మీద గత రీడింగు, ప్రస్తుత రీడింగు, ఆ రెంటి తేడాగా వచ్చిన యూనిట్లు, రీడింగు తీసిన తేదీ వరుసగా ఉంటాయి. గత రీడింగు 4106 అని, ప్రస్తుత రీడింగు 4628 అని, తేడా 522 అని అచ్చయి ఉంది. లెక్కలో తప్పు లేదు. తప్పు ఉంటే ఆ రెండు రీడింగుల్లో ఏదో ఒకదానిలో ఉండాలి.

వెంటనే మీటరు దగ్గరకు వెళ్లాం. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల తెర మీద ఒక్క అంకె నిలకడగా ఉండదు. తేదీ, సమయం, వోల్టేజీ, గరిష్ఠ డిమాండు ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతుంటాయి. వాటిలో కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్, అంటే యూనిట్) అన్న గుర్తుతో వచ్చే అంకే బిల్లుకు ఆధారం. మిగిలిన వాటిని చూసి రీడింగు అనుకుంటే వాదన అక్కడే దెబ్బతింటుంది. పక్కన ఉన్న బొత్తాన్ని నొక్కుతూ ఆ అంకె కోసం చూశాం. 4279 అని వచ్చింది. అంటే రీడింగు తీసిన రోజున మీటరులో 4628 ఉందని బిల్లు చెబుతోంది. ఆ తరువాత కొన్ని రోజులకు అదే మీటరు 4279 చూపిస్తోంది. మీటరు వెనక్కి తిరగదు. కాబట్టి అప్పుడు ఉండవలసిన రీడింగు 4268 అని, నమోదు చేసేటప్పుడు మధ్యలోని రెండు అంకెలు తారుమారయ్యాయని ఊహించడానికి కష్టపడనక్కరలేకపోయింది. 4268 నుంచి 4106 తీసివేస్తే 162 యూనిట్లు వస్తాయి. ఆ ఇంటి మామూలు వాడకం కూడా అంతే.

అప్పుడే ఇంకొక సంగతి తోచింది. ఆ ఇంటికి నెలకు 160 యూనిట్ల చొప్పున ఖర్చవుతుంటే రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే మీటరు సహజంగా 4628కి చేరుతుంది. ఆ తరువాత ఎవరు వచ్చి చూసినా మీటరులో బిల్లు కంటే ఎక్కువ అంకే కనిపిస్తుంది, అధికారికి అనుమానించవలసిన కారణమే ఉండదు. అందుకని మీటరు ఫోటోలు తీశాను. మీటరు నంబరు, కేడబ్ల్యూహెచ్ అంకె రెండూ ఒకే ఫోటోలో పడేలా ఒకటి, ఆ రోజు దినపత్రిక మొదటి పేజీని పక్కన పట్టుకుని మరొకటి తీశాను. ఫోనులో తేదీ ఉంటుంది కదా అని ఎవరైనా అనవచ్చు, కానీ ఫోను తేదీని మార్చవచ్చునన్న మాట రాకుండా ఉండాలని అలా చేశాను. పని తేలేవరకు కొన్నాళ్లకొకసారి ఫోటో తీసి ఉంచమని ఆమెకు కూడా చెప్పాను.

ఫిర్యాదు రాసే ముందు తప్పు రీడింగుదా, మీటరుదా అన్నది తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే రెండింటికీ దారులు వేరు. మా మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని ముద్రించి ఉంది. కరెంటు ఖర్చయ్యేటప్పుడు ఒక చిన్న ఎర్రదీపం ఆ లెక్కన మిణుకుతుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి చాలాసేపు చూశాను, దీపం మిణకలేదు. అంటే మీటరుకూ మెయిన్ స్విచ్‌కూ మధ్య ఎక్కడా లీకేజీ లేదు, అక్కడి నుంచి వేరే వాటాకు కరెంటు పోవడమూ లేదు. తరువాత వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి చూస్తే దీపం చురుగ్గా మిణికింది. అయితే ఇస్త్రీపెట్టె వేడెక్కగానే తానే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కనుక దానితో కచ్చితమైన లెక్క రాదు, మీటరు బతికే ఉందని మాత్రం తెలుస్తుంది. మా విషయంలో మీటరు సరిగానే ఉంది.

ఒకవేళ మీటరు మీదే అనుమానం ఉంటే పరీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. 2020 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో ఒక సవరణ తెచ్చారు. రీడింగు తమ వాడకానికి తగినట్టు లేదని వినియోగదారు ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల లోపల మరొక మీటరును అదనంగా బిగించి, కనీసం మూడు నెలల పాటు రెండింటినీ పోల్చి చూడాలన్నది ఆ సవరణ. మాకు ఆ అవసరం రాలేదు గానీ మీటరు పరుగెడుతోందని అనుమానపడేవాళ్లకు ఇది గట్టి ఆధారం.

మొదట మా వీధి లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. మంచివాడే, రాత్రివేళ ఫ్యూజు పోయినా వచ్చే మనిషి. "వచ్చే నెల సర్దుకుంటది సార్, ఏం ఫికర్ పెట్టుకోకుండ్రి. ఇప్పుడు ఎక్కువ తీసిండ్రు, ముందు నెలల్లో తక్కువొస్తది" అన్నాడు. ఆ తరువాత కార్యాలయంలో కూడా ఇద్దరు ముగ్గురు ఇదే మాట అన్నారు. తప్పు రీడింగు విషయంలో అందరికీ వచ్చే సమాధానం ఇదే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజం కాదు.

యూనిట్లు సర్దుకుంటాయి, డబ్బు సర్దుకోదు. కరెంటు ధర యూనిట్‌కు ఇంత అని ఒకే రేటుగా ఉంటే లైన్‌మన్ మాట సరిపోయేది. కానీ మన రాష్ట్రంలో ఇళ్లకు స్లాబులు ఉన్నాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడేవారికి మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, తరువాతి 100 యూనిట్లకు రూ. 4.80 చొప్పున పడుతుంది (వంద లోపు వాడేవారికి ఇంకా తక్కువ). 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకు రూ. 5.10, 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9, ఆపైన 800 వరకు రూ. 9.50. సరిగ్గా 200 యూనిట్లు వాడితే ఎనర్జీ ఛార్జీలు, అంటే వాడిన యూనిట్లకు పడే మొత్తం, 820 రూపాయలు. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే 1027 రూపాయల 70 పైసలు. ఇప్పుడు మా 522 యూనిట్లను తీసుకుందాం. వాటిని ఒకే నెలలో వేస్తే ఎనర్జీ ఛార్జీలే 3,849 రూపాయలు. అవే 522 యూనిట్లు మూడు నెలలకు 174 చొప్పున వస్తే నెలకు 695 రూపాయల 20 పైసలు, మూడు నెలలకు కలిపి 2,085 రూపాయల 60 పైసలు. ఏ పథకమూ లేని ఇంటికి కూడా, "సర్దుకున్న" తరువాత 1,763 రూపాయలకు పైగా నష్టమే మిగులుతుంది. ఇక గృహజ్యోతి ఉన్న ఇంటికి మూడు నెలలూ జీరో బిల్లే రావలసింది. తప్పు రీడింగు పడిన నెల మొత్తం చేతి నుంచి కట్టాక, తరువాతి నెలల్లో యూనిట్లు ఎంత తక్కువగా వచ్చినా సున్నా కంటే తక్కువ బిల్లు రాదు కదా. కట్టిన డబ్బు తిరిగి రావడానికి దారే లేదు.

ఈ లెక్కను ఒక తెల్లకాగితం మీద నాలుగు వరుసల్లో వేసి జేబులో పెట్టుకున్నాను. సర్దుకుంటుందన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆ కాగితాన్ని ముందు పెట్టాను. దానిని చూసిన తరువాత ఎవరూ ఆ మాటను రెండోసారి అనలేదు.

రీడింగు తీసిన అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఫిర్యాదులో అతని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఐఆర్ పోర్టు (పరారుణ కాంతితో రీడింగును పంపే భాగం) పనిచేసే మీటర్ల నుంచి బిల్లింగ్ యంత్రమే రీడింగును లాక్కుంటుంది, మనిషి అంకెలు నొక్కే పని ఉండదు. మా మీటరుతో యంత్రానికి కలవడం లేదని, చేత్తోనే నొక్కుతున్నానని అతడే తరువాత చెప్పాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో వందల ఇళ్లు తిరుగుతూ, వచ్చిపోయే అంకెలను చూసి నొక్కేటప్పుడు రెండు అంకెలు అటూ ఇటూ కావడం మనుషులకు జరిగేదే. అంతకుముందు నెలల వాడకానికి మూడు రెట్లు పైగా వచ్చినప్పుడు, బిల్లు అచ్చు కాకముందే ఒకసారి ఆగి సరిచూసే ఏర్పాటు లేకపోవడమే నా దృష్టిలో అసలు లోపం. ఆ మాట మాత్రం దరఖాస్తులో రాశాను.

1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సర్వీసు నంబరు అడిగి, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. దానిని చేతిరాత దరఖాస్తు మీద రాసుకుని సెక్షన్ ఆఫీసుకు, అంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి కార్యాలయానికి వెళ్లాను. దరఖాస్తు ఒక పేజీ దాటకుండా చూసుకున్నాను: సర్వీసు నంబరు, మీటరు నంబరు, బిల్లు తేదీ, బిల్లులోని రెండు రీడింగులు, ఫలానా తేదీన మీటరులో కనిపించిన రీడింగు, గత ఆరు నెలల యూనిట్లు, చివరగా కోరేది ఏమిటో రెండు వాక్యాలు. మీటరును తనిఖీ చేసి రీడింగు నమోదు చేయాలని, దాని ప్రకారం బిల్లును సవరించాలని కోరాను. పాత బిల్లుల నకళ్లు, ఫోటోల ప్రింట్లు జతచేశాను.

అక్కడి గుమస్తా సర్వీసు ఎవరి పేరిట ఉందో చూసి, "ఆయననే రమ్మనండి" అన్నారు. మా నాన్నగారు కాలం చేశారని చెప్పాను. అయితే ముందు పేరు మార్పించుకుని రావాలన్నారు. పేరు మార్పు చేయించుకోవలసినదే, అది నేను చేయవలసిన పనే, కానీ దానికీ ఈ తప్పుకూ సంబంధం లేదు. 2003 విద్యుత్ చట్టంలో రెండవ సెక్షను వినియోగదారు అంటే ఎవరో చెబుతుంది. ప్రస్తుతం ఎవరి ఆవరణకు కరెంటు కనెక్షన్ ఉందో వాళ్లు కూడా వినియోగదారులే. అద్దెకున్నవాళ్లకు కూడా ఫిర్యాదు చేసే హక్కు ఉంది. అందుకే దరఖాస్తు మీద ఇంటి యజమానిగా నేను, అక్కడ నివసిస్తున్న వ్యక్తిగా ఆమె, ఇద్దరం సంతకాలు చేశాం. ఆ సెక్షను సంగతి మర్యాదగా చెప్పాక కాగితం తీసుకున్నారు. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకునే వరకు నేను కుర్చీలోంచి లేవలేదు. "ఇచ్చిపోండి సార్, చూస్తాం" అన్నారు గానీ, ముద్ర లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానమని ప్రభుత్వ పాఠశాలలో ఇన్నేళ్లు పనిచేసిన నాకు తెలుసు.

తనిఖీకి లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున మీటరు 4331 చూపించింది. ఆయన ఆ అంకెను తన పుస్తకంలో రాసుకున్నారు, తానే ఫోటో తీసుకున్నారు, సీళ్లు సరిగా ఉన్నాయో లేదో చూశారు. బిల్లులోని 4628ని, మీటరులోని 4331ని రెండింటినీ చూసి, "ఇందులో చెప్పేదేముంది సార్" అన్నారు. నిజమే. మీటరు ఇంకా తప్పు రీడింగును దాటకముందే రావడం వల్లే ఆయనకు చెప్పేది లేకపోయింది.

ఈలోగా గడువు తేదీ దగ్గరపడింది. ఆమె భయమంతా కరెంటు కోస్తారేమోననే. కుట్టుమిషనుకు మోటారు బిగించుకుంది, కరెంటు లేకపోతే పని ఆగిపోతుంది. "అప్పు తెచ్చి కట్టేస్త సారూ, తర్వాత చూసుకుందాం" అని ఒకసారి అన్నది కూడా. నేను వద్దన్నాను. విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయి కోసం కనెక్షన్ తొలగించాలంటే పదిహేను రోజుల వ్యవధితో రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. అంతేకాక బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, అంతకుముందు ఆరు నెలల్లో చెల్లించిన ఛార్జీల సగటు గానీ, రెంటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరంతో జమ చేస్తే, వివాదం తేలేవరకు కరెంటు తొలగించకూడదు. మా విషయంలో ఆరు నెలలూ జీరో బిల్లులే కనుక సగటు ఎంతన్నది చర్చకు తావిచ్చే ప్రశ్న. నేను ఆ చర్చలోకి దిగకుండా, 162 యూనిట్లకు టారిఫ్ ప్రకారం అయ్యే మొత్తాన్ని అభ్యంతరంతో జమ చేయడానికి సిద్ధంగా ఉన్నామని, 56వ సెక్షను ప్రకారం కరెంటు తొలగించవద్దని మరొక లేఖ రాసి ఇచ్చాను. తనిఖీ నివేదిక వచ్చింది కాబట్టి జమ అక్కరలేదని, బిల్లు సవరణ అయ్యేవరకు ఆ సర్వీసును తొలగింపు జాబితాలో పెట్టబోమని చెప్పారు. కరెంటు కోయలేదు.

బిల్లు సవరణ మాత్రం సెక్షన్ ఆఫీసులో జరగదు. ఏఈ సంతకంతో నివేదిక ఈఆర్‌వోకు, అంటే రెవెన్యూ కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ అకౌంట్స్ అధికారి అనుమతితో పద్దు సవరిస్తారు. అక్కడివాళ్లు దానిని ఆర్‌జే వేయడం అంటారు. ఎక్కువ ఆలస్యం ఈ రెండు కార్యాలయాల నడుమే జరిగింది. నివేదిక పంపామని ఇక్కడ, రాలేదని అక్కడ. చివరికి సెక్షన్ ఆఫీసులో పంపిన కాగితం నంబరు, తేదీ అడిగి రాసుకుని, ఈఆర్‌వోలో ఆ నంబరు చెబితే కట్టలోంచి బయటికి తీశారు. కాగితం పోయిందన్నప్పుడు కాగితం నంబరు అడగడం కంటే మంచి ఉపాయం లేదు.

సవరించిన బిల్లు చేతికి వచ్చినప్పుడు యూనిట్లు 162 అని సరిగ్గానే ఉన్నాయి. కానీ కట్టవలసిన మొత్తం సున్నా కాదు, ఏడు వందల పైచిలుకు. పద్దులో యూనిట్లను సరిచేశారు గానీ గృహజ్యోతి రాయితీని తిరిగి వర్తింపజేయలేదు. మొదట నాలుగు వేలు అడిగిన చోట ఇప్పుడు ఏడు వందలే కదా, కట్టేయండి అని పక్కన నిలబడ్డ ఒకాయన సలహా ఇచ్చారు. 162 యూనిట్లన్నది 200 లోపే కాబట్టి, సవరించిన నెలకు కూడా అర్హత ఉన్నట్టే కదా అని అధికారిని అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నారు, తన ముందున్న తెర మీద పాత నెలల బిల్లులు చూశారు, మరొక దరఖాస్తు రాసి ఇమ్మన్నారు. ఆ కౌంటరు దగ్గరే నిలబడి రాసి, రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు జతచేసి ఇచ్చాం. కొంతకాలానికి ఆ మొత్తాన్ని కూడా తీసేశారు.

పని ఇక్కడితో తేలకపోతే ఎక్కడికి వెళ్లాలో ముందే చూసి ఉంచుకున్నాను. విద్యుత్ చట్టం 42వ సెక్షను ప్రకారం ప్రతి పంపిణీ సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను నడపాలి. అందరూ ఫోరం అనే అంటారు. అక్కడ వకీలు అక్కరలేదు, దరఖాస్తుదారే తన మాట చెప్పుకోవచ్చు. ఫిర్యాదులు గరిష్ఠంగా 45 రోజుల్లో పరిష్కారం కావాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. అక్కడి తీర్పు కూడా నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫోరానికి ఇవ్వవలసిన దరఖాస్తు రాసి పెట్టుకున్నాను గానీ ఇవ్వవలసిన అవసరం రాలేదు.

సవరణ జరిగిన తరువాత వచ్చిన బిల్లును కూడా జాగ్రత్తగా చూడాలి. కట్టవలసిన మొత్తాన్ని సరిచేసి, రీడింగును సరిచేయకపోతే తరువాతి నెల బిల్లులో గత రీడింగు దగ్గర మళ్లీ 4628 వచ్చి కూర్చుంటుంది. మీటరు దానికంటే తక్కువ చూపిస్తుంది కనుక మీటరు పాడైందని రాసి సగటు మీద బిల్లు వేసే ప్రమాదం ఉంది. మా బిల్లులో గత రీడింగు 4268 అనే వచ్చింది.

ఈఆర్‌వో వరండాలో వేచి ఉన్నప్పుడు మావంటి కష్టంతోనే వచ్చిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. పక్క మండలంలోని గ్రామం. ఆయన మీటరుకూ తప్పు రీడింగే పడింది, కానీ సర్దుకుంటుందన్న మాట నమ్మి రెండు నెలలు ఊరుకున్నారు. ఫోటోలు లేవు, మీటరు ఆ అంకెను ఎప్పుడో దాటిపోయింది. ఆయన బిల్లులన్నీ తెప్పించి చూస్తే, పెద్ద బిల్లు తరువాతి నెలల్లో యూనిట్లు దాదాపు సున్నాగా ఉన్నాయి. మనుషులు కాపురం ఉన్న ఇంట్లో అలా ఉండదు. ఆ సున్నాలే ఆయనకు మిగిలిన సాక్ష్యం. ఆ బిల్లులను వరుసగా జతచేసి, మొత్తం యూనిట్లను ఆ నెలలన్నింటికీ సమంగా విడగొట్టి స్లాబులు లెక్కగట్టాలని కోరుతూ ఫోరానికి దరఖాస్తు రాసిచ్చాను. విచారణకు రమ్మని ఆయనకు పిలుపు వచ్చింది. నేను కూడా వెంట వెళుతున్నాను.